భూసార విశ్లేషణలో ఎసిటేట్ లవణాల ప్రాధాన్యం

ఎసిటిక్ ఆమ్లం బలహీన కర్బన ఆమ్లం. ఇది క్షారాలతో చర్య జరిపినపుడు ఏర్పడే లవణాలను ఎసిటేట్లు అంటారు. నేలలోని లభ్య పొటాషియంను, ధన అయాన్ల మార్పిడి సామర్థ్యాన్ని నిర్ధారించడంలో వీటి పాత్ర కీలకమైనది.

అమ్మోనియం ఎసిటేట్

బంకమట్టి, సేంద్రియ పదార్థాల కణాలపై ఉండే రుణావేశం పొటాషియం, కాల్షియం వంటి ధన అయాన్లను పట్టి ఉంచుతుంది. అమ్మోనియం అయాను పరిమాణంలో పొటాషియం అయానుకు దగ్గరగా ఉండటం వలన దాని స్థానాన్ని సులభంగా ఆక్రమించి, దానిని ద్రావణంలోకి విడుదల చేస్తుంది. ఎసిటిక్ ఆమ్లపు ఆమ్లబలం, అమోనియా క్షారబలం దాదాపు సమానం కావున ఈ లవణ ద్రావణం ఉదజని సూచిక 7 వద్ద తటస్థంగా ఉంటుంది. అయితే ఈ స్థాయిలో దాని బఫర్ శక్తి స్వల్పం. నిల్వలో అమోనియా ఆవిరైతే ద్రావణం ఆమ్లత్వం వైపు జరుగుతుంది. కావున వాడే ముందు ఉదజని సూచికను సరిచూడటం తప్పనిసరి.

పొటాషియం నిర్ధారణ

లీటరు ద్రావణానికి 77.08 గ్రాముల లవణాన్ని కరిగించి, ఎసిటిక్ ఆమ్లంతో గాని అమ్మోనియం హైడ్రాక్సైడుతో గాని ఉదజని సూచికను 7.0కు సరిచేస్తే ఒక నార్మల్ ద్రావణం లభిస్తుంది. 5 గ్రాముల మట్టికి 25 మి.లీ. ద్రావణం చేర్చి, 5 నిమిషాలు కుదిపి, వడపోసి, ఫ్లేమ్ ఫోటోమీటరుతో పొటాషియంను కొలుస్తారు. ప్రామాణిక ద్రావణాలను కూడా అమ్మోనియం ఎసిటేట్‌లోనే తయారుచేయాలి.

ఫలితాన్ని లెక్కించడంలో ప్రత్యేక శ్రద్ధ అవసరం. ఉదాహరణకు వడపోత ద్రావణంలో 12 పి.పి.ఎం. పొటాషియం ఉన్నట్లయితే, 5 రెట్ల విలీనత ప్రకారం మట్టిలో 60 పి.పి.ఎం. ఉన్నట్లు. దీనిని 2.24తో గుణిస్తే హెక్టారుకు 134.4 కిలోల పొటాషియం, మరల 1.2తో గుణిస్తే సుమారు 161 కిలోల పొటాష్ అవుతుంది. హెక్టారుకు 145 కిలోల లోపు పొటాష్ ఉన్న నేలను తక్కువ స్థాయిగా పరిగణిస్తారు. చివరి గుణకాన్ని విస్మరించి 134 అంకెనే పొటాష్‌గా నమోదు చేస్తే, మధ్యస్థ స్థాయి నేల తక్కువ స్థాయిలో చేరుతుంది. ఫలితంగా రైతుకు అవసరానికి మించిన ఎరువు సిఫారసు అవుతుంది.

సున్నపు నేలల్లో సోడియం ఎసిటేట్

సున్నం అధికంగా గల నల్లరేగడి నేలల్లో తటస్థ అమ్మోనియం ఎసిటేట్ కొంత కాల్షియం కార్బొనేట్‌ను కరిగిస్తుంది. ఆ కాల్షియం కూడా లెక్కలో చేరడం వలన మార్పిడి చెందగల కాల్షియం విలువ వాస్తవానికి మించి కనిపిస్తుంది. అందువలన ఇట్టి నేలల మార్పిడి సామర్థ్యాన్ని ఉదజని సూచిక 8.2 గల సోడియం ఎసిటేట్‌తో నిర్ధారిస్తారు. ఈ స్థాయిలో సున్నపు ద్రావణీయత చాలా తక్కువ. మట్టిని సోడియంతో సంతృప్తపరచి, మిగులు లవణాన్ని ఆల్కహాలుతో కడిగి, కణాలపై నిలిచిన సోడియంను అమ్మోనియం ఎసిటేట్‌తో విడుదల చేసి కొలుస్తారు.

ఇతర ఉపయోగాలు

సోడియం ఎసిటేట్, ఎసిటిక్ ఆమ్లాల మిశ్రమం ఉదజని సూచిక 4.8 పరిసరాల్లో చక్కని బఫర్. దీనిని లభ్య గంధకపు నిర్ధారణలో వినియోగిస్తారు. లెడ్ ఎసిటేట్‌లో తడిపిన కాగితం హైడ్రోజన్ సల్ఫైడ్ తగిలినపుడు నల్లబడుతుంది. సీసపు లవణాలు విషపూరితాలు కావున చేతి తొడుగులు ధరించాలి.

భూసార పత్రంపై ముద్రితమయ్యే అంకె విశ్వసనీయత ద్రావణపు ఉదజని సూచిక, నేల స్వభావానికి తగిన లవణపు ఎంపిక, లెక్కింపులో ప్రమాణాల స్పష్టతలపై ఆధారపడి ఉంటుంది. పత్రంలోని విలువ పొటాషియంకు చెందినదా, పొటాష్‌కు చెందినదా అన్నది నిర్ధారించుకొన్న తరువాతనే విస్తరణ శాస్త్రవేత్తలు ఎరువుల మోతాదును సూచించుట శ్రేయస్కరం.