విషాన్ని విరిచే పాకురు

పిల్లలూ! జనగామలో గాని, మహబూబాబాదులో గాని చెరువు మెట్ల మీద కాలు పెట్టి సర్రున జారారా? దానికి కారణం మెట్లకు పట్టిన పాకురు. అందులో నాచుతోపాటు కోట్లాది బాక్టీరియాలుంటాయి. అవి రాతికి అతుక్కుని, తాము స్రవించిన జిగురులోనే గుంపుగా కాపురముంటాయి. ఈ పొరను బయోఫిల్మ్ అంటారు. పొద్దున్నే పళ్ళ మీద కనిపించే పాచి కూడా ఇదే.

విడిగా తేలే బాక్టీరియాలు ప్రవాహంలో కొట్టుకుపోతాయి. పొరలోనివి ఉన్నచోటనే ఉండి, వచ్చే నీటిలోంచి ఆహారం తీసుకుంటాయి. ఈ గుణాన్ని అమెరికాలోని హోంస్టేక్ బంగారు గని వాడుకుంది.

ముడి ఖనిజంలోని బంగారాన్ని కరిగించి తీయడానికి సైనైడు వాడతారు. అది మిగిలిన నీరు వాగులో కలిస్తే చేపలు చస్తాయి. అందుకని 1984లో అక్కడ 48 ఇరుసులు అమర్చారు. ఒక్కో ఇరుసుకు ప్లాస్టిక్ పళ్ళేలు గుచ్చి, సగానికి కొంచెం తక్కువగా నీటిలో ముంచి మెల్లగా తిప్పారు. వాటి మీద పొర పెరిగింది. మునిగినప్పుడు దానికి ఆహారం, పైకి తేలినప్పుడు గాలి!

సైనైడులో ఉన్నవి కార్బన్, నైట్రోజన్. సూడోమోనాస్ అనే బాక్టీరియాలు వాటిని విడదీస్తాయి. అప్పుడు నైట్రోజన్ అమ్మోనియాగా మారుతుంది. అదీ చేపలకు హానికరమే. అందుకే తర్వాతి పళ్ళేల మీద ఉండే వేరే బాక్టీరియాలు దాన్ని నైట్రేటుగా మారుస్తాయి. గని నీరు చేరే వైట్‌వుడ్ వాగులో ట్రౌట్ చేపలు మళ్ళీ బతికాయి. ఆ గని 2002లో మూతపడింది.

ఒక తేడా గుర్తుంచుకోండి. సైనైడు సమ్మేళనం కనుక విరుగుతుంది. రాగి, సీసం మూలకాలు. వాటిని ఏ బాక్టీరియా నాశనం చేయలేదు. పొర వాటిని పట్టి ఉంచుతుంది, అంతే. ఆ పొరను తీసి భద్రపరచకపోతే విషం చోటు మారుతుందే గాని పోదు.

మరి మన భూపాలపల్లి మాటేమిటి? సింగరేణి బొగ్గు గనుల్లో సైనైడుతో పని లేదు. బొగ్గు గనుల్లో భయం వేరు. ఇనుము, గంధకం కలిసిన పైరైటుకు గాలి, నీరు తగిలితే గంధకామ్లం పుడుతుంది. దాన్ని వేగిరపరిచేవి కూడా బాక్టీరియాలే! మన బొగ్గులో గంధకం తక్కువ కనుక ఈ బెడద తక్కువ. కాబట్టి ఏ గని నీటికైనా ముందు పరీక్ష, తర్వాతే వైద్యం. ఒక గనికి పనికొచ్చిన బాక్టీరియా మరో గనికి పనికిరాకపోవచ్చు.

చేసి చూడండి: ఒక గాజు స్లైడుకు దారం కట్టి, బడిలోని నీళ్ళ తొట్టిలో పది రోజులు వేలాడదీయండి. తర్వాత దాన్ని సూక్ష్మదర్శినిలో పరిశీలించండి. స్లైడు తాకాక చేతులు సబ్బుతో కడుక్కోండి. గని నీళ్ళ జోలికి మాత్రం వెళ్ళకండి.