వీడియోలు మారుస్తున్న కొద్దీ విసుగు ఎందుకు పెరుగుతోంది?

బస్టాండులో గంటసేపు కూర్చున్నవారు ‘పొద్దు పోవడం లేదు’ అంటారు. సెలవు రోజు ఇంట్లో ఉన్నవారు ‘ఏమీ తోచడం లేదు’ అంటారు. ‘బోర్ కొడుతోంది’ అనే మాట తర్వాత వచ్చి ఈ రెండింటినీ మింగేసింది. నిజానికి సమస్యను సరిగ్గా పట్టుకున్నది ‘తోచకపోవడం’ అన్న మాటే. పని లేకపోవడం వేరు, ఉన్న పని మీద మనసు నిలవకపోవడం వేరు. కెనడాలోని యార్క్ విశ్వవిద్యాలయ మనస్తత్వవేత్త జాన్ ఈస్ట్‌వుడ్, ఆయన సహచరులు 2012లో చెప్పిందీ దాదాపు ఇదే: దేనిలోనైనా లీనం కావాలని మనసు కోరుకుంటుంది, కానీ కాలేకపోతుంది.

ఆ స్థితిని భరించడం తేలిక కాదు. 2014లో ‘సైన్స్’ పత్రికలో వచ్చిన ఒక పరిశోధనలో, వర్జీనియా విశ్వవిద్యాలయ పరిశోధకులు కొందరిని 15 నిమిషాలు గదిలో ఒంటరిగా కూర్చోబెట్టారు. ఫోను లేదు, పుస్తకం లేదు. ఒక మీట మాత్రం ఉంది. నొక్కితే చిన్న కరెంటు షాకు. వారు దాని రుచి ముందే చూశారు. డబ్బిచ్చైనా తప్పించుకుంటామని చెప్పినవారిలోనే 18 మంది పురుషుల్లో 12 మంది, 24 మంది మహిళల్లో 6గురు దాన్ని నొక్కారు. లెక్కలోంచి పక్కనపెట్టిన ఒకాయనైతే ఏకంగా 190 సార్లు!

ఇప్పుడు ఆ మీట ఫోను రూపంలో అందరి చేతుల్లో ఉంది. షాకు కొట్టదు, అంతే తేడా. వీడియో నచ్చకపోతే వేలితో తోసేస్తే సరి, విసుగు పోతుందని అందరి నమ్మకం. టొరంటో విశ్వవిద్యాలయానికి చెందిన కేటీ టామ్, మైఖేల్ ఇంజ్లిక్ట్ 2024లో దాన్నే పరీక్షించారు. ఒకే వీడియోను పది నిమిషాలు చూడటం, అంతే సమయంలో చిన్న వీడియోల మధ్య ఇష్టమొచ్చినట్లు మారడం, ఈ రెండింటినీ పోల్చారు. మారే వీలుంటే విసుగు తగ్గుతుందని పాల్గొన్నవారు ముందు ఊహించారు. తీరా చూస్తే మారినప్పుడే ఎక్కువ విసుగు పుట్టింది. కథ అర్థమయ్యేలోపే దాటేస్తే మనసు దేనిలోనూ దిగదు. పాల్గొన్నవారిలో చాలామంది విద్యార్థులే, కనుక అన్ని వయసులవారికీ ఇది వర్తిస్తుందని అనలేం.

ఇంట్లో చేయదగినది చిన్నదే. సినిమా అయినా, చిక్కుడుకాయల ఈనెలు తీయడమైనా, విసుగు తలెత్తగానే వదిలేయకుండా ఇంకో పది నిమిషాలు దానిలోనే ఉండాలి. మొదట్లో కష్టం అనిపించవచ్చు. ఫోను పక్క గదిలో ఉంటే అదీ కాస్త సులువు. పిల్లలు ‘బోర్’ అనగానే టీవీ పెట్టడమూ తొందరే. కాసేపు వదిలేస్తే ఆట వాళ్లే వెతుక్కుంటారు.

రాత్రంతా ఏటీఎం ముందు కూర్చునే కాపలాదారుకు మాత్రం ఈ సలహా ఇవ్వడం అన్యాయం. అక్కడ లోపం ఆయన మనసుది కాదు, పనిది. ఆయనకు కావలసింది ఏకాగ్రత పాఠం కాదు, తక్కువ గంటల షిఫ్టు, మాట్లాడటానికి ఇంకో మనిషి.