మోస్తుంది గానీ వాడుకోదు

మన ఒంట్లో మూలమూలకూ ఆక్సిజన్ చేరవేసేది ఎర్ర రక్తకణం. తాను మోసే ఆ ఆక్సిజన్‌ను తన శక్తి కోసం మాత్రం అది వాడుకోలేదు. ఆక్సిజన్‌తో ఆహారాన్ని మండించే మైటోకాండ్రియాలను ఎదిగే క్రమంలోనే వదిలేసుకుంటుంది. కేంద్రకమూ ఉండదు. ఆ జాగా అంతా హిమోగ్లోబిన్‌కే.

మరి సుమారు 120 రోజులు ఎలా బతుకుతుంది? చక్కెరను మండించకుండా, విరగ్గొట్టి. ఒక గ్లూకోజ్ అణువును పది మెట్లలో రెండు పైరువేట్ ముక్కలుగా చేస్తుంది. మొదట రెండు ఏటీపీలు ఖర్చు, తర్వాత నాలుగు రాబడి, మిగిలేది రెండు. ఏటీపీ అంటే కణంలో చెల్లే చిల్లర డబ్బు అనుకోండి. ఆక్సిజన్‌తో పూర్తిగా మండిస్తే దాదాపు 30 వచ్చేవి.

పని అక్కడితో ఆగదు. చక్కెర నుంచి ఎలక్ట్రాన్లు అందుకున్న ఎన్‌ఏడీ అనే సహాయక అణువు ఖాళీ అయితేనే తర్వాతి గ్లూకోజ్ విరుగుతుంది. ఆ బరువును పైరువేటే అందుకుని లాక్టిక్ ఆమ్లంగా మారుతుంది. పెరుగు పులుపు కూడా ఈ ఆమ్లమే. ఈస్ట్ దారి కాస్త వేరు. నాన్ పిండిని పొంగించే వాయువు దానిదే. ఈస్ట్ కణాలను నూరి పిండిన రసం కూడా చక్కెరను పులియబెడుతుందని 1897లో జర్మనీలో ఎడ్వర్డ్ బుక్నర్ చూపాడు. కణం చనిపోయినా దాని ఎంజైములు పని చేస్తాయన్నమాట. 1907లో ఆయనకు నోబెల్ వచ్చింది.

(పరుగెత్తిన మర్నాడు కాళ్లు నొప్పులు పుడితే లాక్టిక్ ఆమ్లాన్ని తిడతాం. పాపం, అది అంతకు చాలా ముందే రక్తంలోంచి వెళ్లిపోతుంది.)

రక్తదాన శిబిరంలో వాడే సంచిలో ముందే డెక్స్‌ట్రోజ్, అంటే గ్లూకోజే, ఎందుకు ఉంటుందో ఇప్పుడు తెలుస్తుంది. అది కణాల ఆహారం. ఒంట్లో అయితే లాక్టిక్ ఆమ్లాన్ని కాలేయం మళ్లీ గ్లూకోజ్‌గా మారుస్తుంది. సంచికి కాలేయం లేదు. ఆమ్లం పేరుకున్నకొద్దీ ఎంజైములు మందగిస్తాయి, ఏటీపీ తగ్గుతుంది, పొటాషియంను కణం లోపల నిలిపి ఉంచే పంపు నీరసిస్తుంది. 2 నుంచి 6 డిగ్రీల చలిలో ఇదంతా నెమ్మదిస్తుంది గానీ ఆగదు. అందుకే సీపీడీఏ-1 ద్రావణంలో నిలవ చేసిన రక్తానికి 35 రోజులు, ఎస్‌ఏజీఎం కలిపిన ఎర్ర కణాలకు 42 రోజులు గడువు.

తీవ్రమైన తలసీమియా ఉన్న పిల్లలకు రెండు నుంచి నాలుగు వారాలకోసారి రక్తం ఎక్కించాలి. ఏడాదికి ఒక్కరోజు పెద్ద శిబిరం పెడితే ఆ సంచుల గడువు ఆరు వారాల్లో తీరిపోతుంది, పిల్లల అవసరం తీరదు. ఆరోగ్యంగా ఉన్న మగవారు మూడు నెలలకు, ఆడవారు నాలుగు నెలలకు ఒకసారి రక్తం ఇవ్వవచ్చు. కాబట్టి అదే దాతలను జట్లుగా విడదీసి నెలనెలా పిలవడం సాధ్యమే.