హరిత వృద్ధి పరిశోధనకు ఫెలోషిప్: మన సంఘాల పిల్లలు దరఖాస్తు చేయవలసిన విధానం



పాలు పోసి పిల్లలను చదివించిన ఇళ్ళు మన సంఘాలలో ఎన్నో ఉన్నాయి. ఆ పిల్లలలో కొందరు పశువైద్యం, వ్యవసాయం, అర్థశాస్త్రం వంటి పెద్ద చదువులు ముగించి పరిశోధన వైపు వెళుతున్నారు. సంఘాలకు వెళ్ళినప్పుడు తల్లిదండ్రులు మమ్మల్ని అడిగే ప్రశ్న ఒకటున్నది. "మా అమ్మాయి ఫెలోషిప్‌కు పెట్టుకుంటానంటున్నది. అంటే ఏమిటండీ? ఎంత కట్టాలి? ఎవరిని పట్టుకోవాలి?" ఈ మూడు ప్రశ్నలకు మాకు తెలిసినంతలో ఈ వ్యాసంలో జవాబు చెప్పదలచాము. ఇందులో సంఘం చేయవలసిన పని కూడా ఉన్నది కనుక పాలకవర్గ సభ్యులు, కార్యదర్శులు దీనిని ప్రత్యేకంగా చదవాలని మనవి.

ఫెలోషిప్ అంటే ఏమిటి?

ఒక విశ్వవిద్యాలయమో, పరిశోధనా సంస్థో, ఒక నిధి సంస్థో బయటి పరిశోధకుని కొన్ని నెలలు లేదా ఒకటి రెండేళ్ళు అతిథిగా పిలిచి, తమ గ్రంథాలయం, ప్రయోగశాల వాడుకోనిచ్చి, ఖర్చులకు నెలనెలా భత్యం ఇవ్వడమే అతిథి పరిశోధక ఫెలోషిప్. ఇది ఉద్యోగం కాదు, అప్పూ కాదు. ఆ కాలంలో ఒక నిర్ణీత ప్రశ్నకు సమాధానం వెదకి, ఏమి తేలినదీ రాసి ఇవ్వాలి.

హరిత వృద్ధి అనే మాట 2005లో సియోల్ నగరంలో జరిగిన ఆసియా పసిఫిక్ దేశాల మంత్రుల సమావేశం తరువాత ప్రచారంలోకి వచ్చినది. రాబడి పెరగాలి, అయితే నేల, నీరు, గాలి చెడకుండా పెరగాలి అన్నదే దాని సారాంశం. పాడి రైతుకు ఇది దూరపు సంగతి కాదు. పేడ నీటిగుంటలో కుళ్ళితే మీథేన్ వాయువు పుడుతుంది. వందేళ్ళ లెక్కన చూస్తే అది బొగ్గుపులుసు వాయువు కంటె దాదాపు 28 రెట్లు ఎక్కువగా భూమిని వేడెక్కిస్తుంది. అదే వాయువును గోబర్ గ్యాస్ ప్లాంటులో పట్టి పొయ్యికి పంపితే వంట అవుతుంది, మిగిలిన స్లర్రీ చేనుకు ఎరువవుతుంది. అదే పేడ ఒకచోట నష్టం, ఇంకొకచోట రాబడి. గ్రామాలలో హరిత వృద్ధి అంటే ఇటువంటివే.

ఒక దరఖాస్తు కథ

మన సంఘాలలో ఒక సభ్యుని కుమార్తె డాక్టరేటు ముగించి ఒక విదేశీ సంస్థకు దరఖాస్తు పంపినది. "గ్రామీణ భారతంలో హరిత వృద్ధి అవకాశాలు" అని విషయం పెట్టుకున్నది. నాలుగు నెలల తరువాత రెండు వాక్యాల జవాబు వచ్చింది: ఎంపిక చేయలేకపోయాము, విషయం మరీ విస్తృతంగా ఉన్నది. ఇంట్లో అందరూ దిగులుపడ్డారు. మనకు పెద్దవారి అండ లేకనే ఇలా అయినదని తండ్రి అన్నాడు.

ఆమె మా వద్దకు వచ్చినప్పుడు మేము అడిగినది ఒక్కటే. "అమ్మా, మీ ఊరిలో నీకు సమాధానం తెలియని సంగతి ఏది?" కొంతసేపు ఆలోచించి చెప్పినది. వాళ్ళ ఊరిలో ఎప్పుడో సబ్సిడీపై కట్టిన గోబర్ గ్యాస్ ప్లాంట్లలో కొన్ని నేటికీ వెలుగుతున్నాయి, కొన్ని మట్టి నిండి పడి ఉన్నాయి. కట్టినవాడు ఒకడే, నమూనా ఒకటే. మరి తేడా ఎందుకు వచ్చింది? పేడ చాలకనా, నీరు చాలకనా, బాగుచేసే మనిషి లేకనా, లేక పేడ కలిపే పని ఆడవారి మీదనే పడినందుననా?

ఇది మంచి ప్రశ్న. రెండు ఘనపు మీటర్ల ప్లాంటుకు రోజుకు సుమారు 50 కిలోల పేడ కావాలి. అంటే ఇంట్లో నాలుగైదు పశువులు ఉండాలి. రెండు గేదెలు అమ్ముకున్న ఇంట్లో ప్లాంటు ఆకలితో ఉంటుంది. అయితే ఏ ఇంట్లో ఎప్పుడు పశువులు తగ్గినవో ఇన్నేళ్ళ తరువాత ఎవరికి జ్ఞాపకం? ఏ గ్రంథాలయంలోనూ ఆ లెక్క దొరకదు. అది ఉన్నది మన పాల సంఘం రిజిస్టరులో. ఏ ఇంటి పాలు ఏ నెలలో పడిపోయినవో అక్కడ పూట పూటకూ రాసి ఉన్నది. పాలు తగ్గిన నెల, ప్లాంటు ఆగిన నెల ఒకటేనా అని పోల్చి చూడవచ్చు. పాలు తగ్గకుండానే ప్లాంటు ఆగిన ఇళ్ళలో కారణం వేరే ఉన్నదని అర్థం.

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. దరఖాస్తు విషయంలో ఇది అక్షరాలా నిజం. ఎంపిక సంఘం ముందుకు వచ్చే కాగితాలలో పెద్ద మాటలకు కొరత ఉండదు. కొరతగా ఉండేది ఇంకెవరి వద్దా లేని సమాచారం, దాని నుంచి పుట్టిన స్పష్టమైన ప్రశ్న.

దరఖాస్తు చేయవలసిన క్రమం

1. ప్రశ్న: ఒకే వాక్యంలో రాయాలి. సంఘం అధ్యక్షునికి చదివి వినిపిస్తే ఆయనకు అర్థం కావాలి. అర్థం కాకపోతే ఇంకా తగ్గించి రాయాలి.

2. ఆతిథ్య సంస్థ: చాలా ఫెలోషిప్పులలో ఆతిథ్యమిచ్చే ఆచార్యుని అభ్యర్థి తానే వెదుక్కోవాలి. ఉదాహరణకు, 1953లో ఏర్పడిన జర్మనీలోని అలెగ్జాండర్ ఫాన్ హంబోల్ట్ ఫౌండేషన్ డాక్టరేటు ముగించిన పరిశోధకులకు ఇచ్చే ఫెలోషిప్‌లో, అక్కడి ఒక ఆచార్యుడు "ఈ పనికి నేను ఆతిథ్యమిస్తాను" అని రాసి ఇవ్వడం తప్పనిసరి. ఆ సంస్థ దేశాన్ని బట్టిగానీ, శాస్త్రాన్ని బట్టిగానీ వాటాలు పెట్టలేదు. పేరున్న సంస్థ అని గాక, మన ప్రశ్నపై పని చేసినవారు ఎక్కడున్నారని చూడాలి. మన అమ్మాయి ప్రశ్నకు జర్మనీలోని గొట్టింగెన్ విశ్వవిద్యాలయం సరిపోతుంది. దాని సమీపంలో యూండె అనే చిన్న ఊరిలో ఆ విశ్వవిద్యాలయం వారి ప్రోత్సాహంతో గ్రామస్థులు సహకార సంఘంగా చేరి, పశువుల పేడనీళ్ళు, పంటలతో నడిచే ఉమ్మడి గ్యాస్ ప్లాంటును 2005లో మొదలుపెట్టారు. దాని వేడి గొట్టాల ద్వారా ఇళ్ళకు వెళ్ళినది. అక్కడ ప్లాంటు ఊరందరిది, మన ఊరిలో ఇంటింటిది. పోల్చి చూడవలసిన సంగతి అదే. ఆచార్యునికి రాసే మొదటి ఉత్తరం ఒక పేజీ దాటరాదు. ప్రశ్న ఏమిటి, మన వద్ద ఉన్న లెక్కలేమిటి, ఆయన చేసిన ఏ పనిని చదివి రాస్తున్నామో అందులో ఉండాలి.

3. పని ప్రణాళిక: ఏ నెలలో ఏమి చేస్తారో రాయాలి. ఎన్ని ఇళ్ళు చూస్తారు, ఏ లెక్కలు తీస్తారు, అక్కడికి వెళ్ళాక ఏమి నేర్చుకుంటారు అన్నవి ఉండాలి. గ్రామంలో చేయవలసిన పని ప్రయాణానికి ముందే ముగించుకోవడం మంచిది.

4. సిఫారసు లేఖలు: ఇక్కడ మనవారు ఎక్కువగా పొరబడుతున్నారు. సిఫారసు అనగానే శాసనసభ్యుని వద్దకో, పెద్ద అధికారి వద్దకో పరుగెత్తుతారు. అక్కడివారు కోరేది అది కాదు. అభ్యర్థి పనిని దగ్గరగా చూసినవారు, దానిలోని మంచిచెడ్డలు తెలిసినవారు రాసిన లేఖ కావాలి. పని నేర్పిన ఆచార్యుడు రాసిన నాలుగు నిజమైన వాక్యాలు పదవిలో ఉన్నవారి పొగడ్త కంటె విలువైనవి. లేఖ రాసేవారికి కనీసం నెల రోజుల వ్యవధి ఇవ్వాలి.

5. తిరిగి వచ్చాక: ఈ పని ఎవరికి ఉపయోగపడుతుందని చాలా సంస్థలు అడుగుతాయి. "దేశాభివృద్ధికి" అని రాస్తే చాలదు. ఏ సంఘానికి, ఏ నిర్ణయానికి అన్నది రాయాలి.

6. గడువు: ఆఖరి తేదీ నుంచి వెనుకకు లెక్కపెట్టుకోవాలి. ఆతిథ్య లేఖకు మూడు నాలుగు నెలలు, సిఫారసులకు ఒక నెల, పాస్‌పోర్టు, సర్టిఫికెట్లకు కొంత కాలం పడుతుంది. ఏడాది ముందుగా మొదలుపెట్టినవారికే ఊపిరి ఆడుతుంది. అర్హత, వయస్సు, డిగ్రీ నియమాలు మారుతుంటాయి కనుక ఆ సంవత్సరపు ప్రకటననే చూడాలి.

ఇక "ఎంత కట్టాలి" అన్న ప్రశ్నకు జవాబు: ఎంపిక చేయిస్తామని డబ్బు అడిగే మధ్యవర్తికి పైసా కూడా ఇవ్వనక్కరలేదు. భత్యం ఇచ్చి పిలిచే సంస్థ ఎంపికకు లంచం పుచ్చుకోదు.

సంఘం చేయవలసిన పని

ఆ అమ్మాయి రిజిస్టరు నకలు కోరినప్పుడు కార్యదర్శి మొదట ఒప్పుకోలేదు. ఆయన భయమూ న్యాయమైనదే. ఒకరి ఇంటి రాబడి లెక్క బయటకు పోతే సభ్యుడు ఊరుకుంటాడా? పాలకవర్గ సమావేశంలో ఒక పెద్దాయన, "పేడ సంగతి నువ్వు మాకు చెప్పడమేమిటమ్మా, మా చిన్నప్పటి నుంచి ఎత్తుతున్నదేగా!" అన్నాడు. అందరూ నవ్వారు. అప్పుడు ఆమె, "ఎత్తడం మీకు తెలుసు బాబాయ్, మీ ప్లాంటు ఎందుకు ఆగిందో చెప్పండి" అన్నది. ఆయన వద్ద జవాబు లేదు. చివరకు తీర్మానం ఆమోదించారు. ఆ తీర్మానంలోని షరతులు అన్ని సంఘాలకూ పనికివస్తాయని ఇక్కడ ఇస్తున్నాము.

అసలు రిజిస్టరు సంఘం గది దాటి పోరాదు, నకలు మాత్రమే తీసుకోవాలి. సభ్యుల పేర్లు తీసివేసి, ఇంటికి ఒక సంఖ్య మాత్రమే వేయాలి. ఏ ఇంటికి వెళ్ళినా ఆ ఇంటివారి అనుమతితోనే, ముఖ్యంగా పేడ పని చేసే ఆడవారితో నేరుగా మాట్లాడి వివరాలు తీసుకోవాలి. పని ముగిశాక ఏమి తేలినదో తెలుగులో రాసి సర్వసభ్య సమావేశంలో చదివి వినిపించాలి.

ఈ నాలుగవ షరతు అన్నిటికంటె ముఖ్యం. మన ఊళ్ళకు వచ్చి లెక్కలు రాసుకుపోయినవారు ఎందరో. ఏమి తేలినదో మనకు తిరిగి చెప్పినవారు తక్కువ. మన పిల్లలైనా ఆ తప్పు చేయరాదు.

బయట నేర్చుకున్నది ఊరికి రావడం మనకు కొత్త కాదు. మన సహకార సంఘాల పుట్టుకే అటువంటిది. జర్మనీ పల్లెలలో రైఫైజెన్ అనే ఆయన 19వ శతాబ్దంలో ఏర్పరచిన పరపతి సంఘాల వంటివాటిని పరిశీలించి, అవి ఇక్కడ నడుస్తాయా అని ఫ్రెడరిక్ నికల్సన్ మద్రాసు ప్రభుత్వానికి 1895లో నివేదిక ఇచ్చాడు. 1904లో వచ్చిన సహకార పరపతి సంఘాల చట్టానికి దారి తీసినవాటిలో అది ఒకటి. ఒకరి అధ్యయనం సరిగా తిరిగి వస్తే ఎంత దూరం పోతుందో ఇది చెబుతున్నది.

మన దేశంలోనే నేర్చుకోవలసినవీ ఉన్నాయి. గుజరాత్‌లో ఆనంద్ జిల్లా జకరియాపురాలో జాతీయ పాడి అభివృద్ధి బోర్డు సహాయంతో ఇంటింటా చిన్న గ్యాస్ ప్లాంట్లు పెట్టి, మిగిలిన స్లర్రీని మహిళల సహకార సంఘం కొని ఎరువుగా మార్చే పద్ధతి తెచ్చారు. స్లర్రీకి ధర వస్తే ప్లాంటు మూలపడదు అన్నది అక్కడి ఆలోచన. మన ఊరిలో అది నిలుస్తుందా? ఈ ప్రశ్నకు జవాబు చెప్పగల పిల్ల మన ఇళ్ళలోనే ఉండవచ్చు.

ఆ అమ్మాయి ఇప్పుడు రెండవసారి దరఖాస్తు పంపినది. జవాబు ఇంకా రావలసి ఉన్నది. వచ్చినా రాకపోయినా సంఘానికి ఒక లాభం అప్పుడే కలిగినది. లెక్కలు తీస్తుండగా, పశువులు తగ్గకపోయినా కేవలం గొట్టం పగిలి, బాగుచేసేవాడు లేక ఆగిన ప్లాంట్లు కొన్ని బయటపడ్డాయి. వాటి మరమ్మతుకు ఊరి కుర్రవానికి పని నేర్పించాలని పాలకవర్గం నిర్ణయించినది. ఇంతకాలం ఆ లెక్క మన బీరువాలోనే ఉన్నది, అడిగినవారు లేకపోయారు.

కావున కార్యదర్శులకు మా మనవి: పాత పాల రిజిస్టర్లను చెదలకు వదలవద్దు, పాత కాగితాల వానికి అమ్మవద్దు. సంవత్సరం వారీగా కట్టి భద్రపరచండి. తల్లిదండ్రులకు మనవి: పిల్లలు ఫెలోషిప్ అన్నప్పుడు ఎవరిని పట్టుకోవాలి అని గాక, మన ఊరిలో ఏమి అడగాలి అని వారితో కూర్చుని మాట్లాడండి.