వార్తల్లో పదం: ఆరోగ్యమిత్ర

2007 ఏప్రిల్ 1న మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాలలో ఆరంభమై, పిమ్మట నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ రాష్ట్రమంతట వ్యాపించిన ఆరోగ్యశ్రీ పథకమందు, పేదరోగికిని పెద్దాసుపత్రికిని నడుమ నిలుచు ఉద్యోగియే ఆరోగ్యమిత్ర. ఉదాహరణకు, చెవిటికల్లు గ్రామము నుండి కంచికచర్ల మీదుగా గుండెజబ్బుతో విజయవాడ చేరిన కూలికి కార్డు చూచి పేరు నమోదు చేయించుట, శస్త్రచికిత్సకు పథకమును నడుపు ట్రస్టువారి ముందస్తు అనుమతి వచ్చువరకు వెంటనుండి ధైర్యము చెప్పుట ఇతని విధులు. ఇంటికి మరలిన పిమ్మట కొన్ని చికిత్సలకు ఏడాదిపాటు ఉచితముగా మందులును పరీక్షలును లభించునన్న సంగతి అనేకులెరుగరు. ఇది ఎంతయు శోచనీయము. కావున ఆరోగ్యమిత్రలకే గాక, ఆసుపత్రుల వైద్యులకును, ప్రాథమిక ఆరోగ్య కేంద్రముల సిబ్బందికిని, గ్రామములలోని ఆశా కార్యకర్తలకును నిబంధనలపై ఏటేట శిక్షణ నొసంగి, రోగి వివరములను ఒకరికొకరు అందజేసికొను పద్ధతిని నేర్పవలయును.