కొల్లేటి ఇంటికి బీమా: నీళ్లొస్తే ఏం వస్తుంది?

2025 జనవరిలో లాస్ ఏంజెలస్ చుట్టుపక్కల కార్చిచ్చు వేల ఇళ్లను బూడిద చేసింది. అంతకు ముందే, 2023లో, స్టేట్ ఫార్మ్ అనే పెద్ద బీమా కంపెనీ కాలిఫోర్నియాలో కొత్త ఇంటి పాలసీలు ఇవ్వడం ఆపేసింది. అక్కడి మామూలు ఇంటి పాలసీలో అగ్నిప్రమాదం ఉంటుంది, వరద ఉండదు. వరదకు వేరే పాలసీ కట్టుకోవాలి.

మన బెడద నీళ్లతో. తమ్మిలేరు పొంగితే ఏలూరుకి, ఎర్రకాలువ పొంగితే తాడేపల్లిగూడెం చుట్టుపక్కల ఊళ్లకి నిద్ర పట్టదు. తమ్మిలేరు, బుడమేరు నీళ్లు కొల్లేటికే చేరతాయి. అక్కణ్ణుంచి సముద్రానికి దారి ఉప్పుటేరు ఒక్కటే. 2024 సెప్టెంబరులో విజయవాడను ముంచిన బుడమేరు నీళ్లు కొల్లేటి లంకల మీదికీ వచ్చాయి. అప్పుడు విజయవాడలో మునిగిన కింది అంతస్తు ఇళ్లకు ప్రభుత్వం ఇచ్చిన సాయం 25,000 రూపాయలు. ఫ్రిజ్జు, వాషింగ్ మెషీను, మంచాలు పోయిన ఇంటికి అది ఏ మూలకి?

ఇక్కడ మనకో వెసులుబాటు ఉంది. 2021 ఏప్రిల్ 1 నుంచి సాధారణ బీమా కంపెనీలు ఇంటికి ‘భారత్ గృహ రక్ష’ అనే ఒకే నమూనా పాలసీ ఇవ్వాలని బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ నిర్దేశించింది. నిప్పు, పిడుగు, తుపాను, వరద, భూకంపం అన్నీ అందులోనే ఉన్నాయి. కార్చిచ్చు పేరు కూడా ఉంది. ఇల్లు మునిగి పునరావాస కేంద్రానికి వెళ్లినప్పుడు, ఆ అదనులో ఏడు రోజుల్లోపు దొంగతనం జరిగితే దానికీ వర్తిస్తుంది.

చాలామంది తికమకపడేది ఎంతకు బీమా చేయాలన్న దగ్గరే. స్థలం ధరను లెక్కలోకి తీసుకోరు. ఏలూరులో గజం ఎంత పలికినా వరద స్థలాన్ని ఎత్తుకుపోదు కదా! ఆ ఇంటిని మళ్లీ కట్టడానికయ్యే ఖర్చే లెక్క. వెయ్యి చదరపు అడుగుల ఇల్లు, అడుగుకు 2,000 అనుకుంటే 20 లక్షలు. సామానుకు విడిగా చెప్పకపోయినా అందులో 20 శాతం, అంటే 4 లక్షల వరకు, దానంతటదే వస్తుంది. దీనికి పరిమితి 10 లక్షలు. బంగారానికి విడిగా అడిగి రాయించుకోవాలి. నోట్ల కట్టలకు రాదు. బండికి బండి పాలసీ, చేపల చెరువుకు దాని బీమా వేరు. అద్దెకున్నవాళ్లు సామానుకు మాత్రమే తీసుకోవచ్చు.

ఏటా వానలకు గోడ అడుగున ఉప్పు పొంగి, సున్నం పెచ్చులూడటం వరద కింద చెల్లదు. ఒక్కసారిగా జరిగిన ప్రమాదానికే ఈ పాలసీ. గోడలు, పైకప్పు దేనితో కట్టారో దరఖాస్తులో ఉన్నదున్నట్టు రాయండి. తాటాకు కప్పును డాబా అని రాయిస్తే తీరా క్లెయిము నాడు అదే మెడకు చుట్టుకుంటుంది.

నీళ్లు తీశాక మనం ముందు చేసేది బురద కడగడం. ఒక్క పూట ఆగండి. గోడ మీద నీరు నిలిచిన మట్టం గీతలా కనిపిస్తుంది. దాన్ని, తడిసిన సామానును, మోటారు మీది నంబరు ప్లేటును ఫోటోలు తీసి, కంపెనీకి వెంటనే కబురు చెయ్యండి. సర్వేయరు వచ్చేదాకా పాడైన వస్తువులను పాత సామాన్లవాడికి ఇచ్చెయ్యకండి.

ఇంటి లోను ఉన్నవాళ్లకు మరో మాట. లోను ఇచ్చేటప్పుడు బ్యాంకు కట్టించిన బీమా ఇంటి మీదా, మీ ప్రాణం మీదా? రెండోదైతే ఇల్లు మునిగినా అది పైసా ఇవ్వదు. కాగితాలు తీసి చూడండి, అర్థం కాకపోతే బ్రాంచిలో నిలదీసి అడగండి. క్లెయిము విషయంలో కంపెనీ మొండికేస్తే ఐఆర్‌డీఏఐ నంబరు 155255కి ఫోన్ చెయ్యొచ్చు. అప్పటికీ తేలకపోతే హైదరాబాద్‌లోని బీమా అంబుడ్స్‌మన్‌కు రాయొచ్చు; దానికి ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు.