అర్థమయ్యే ప్రార్థన

పిల్లలూ, అర్థం తెలియని పద్యాన్ని బట్టీ పట్టడం ఎంత కష్టమో మీకు తెలుసు. రెండు వందల ఏళ్ళ క్రితం జర్మన్ రైతులకు చర్చిలో అలాగే ఉండేది. కాథలిక్కుల పూజ లాటిన్ భాషలో జరిగేది మరి!

సరస్సు ఒడ్డున ఉన్న కాన్‌స్టన్స్ పట్టణంలో 1802 నుంచి బిషప్పు డాల్బెర్గ్ తరపున చర్చి వ్యవహారాలు చూసిన వెస్సెన్‌బెర్గ్‌కు ఇది నచ్చలేదు. (అప్పటికాయనకు ఇరవై ఏడేళ్ళు. ఫాదిరీ అయింది 1812లో!) ఆ 1812లోనే జర్మన్ పాటలు, ప్రార్థనలతో ఒక పుస్తకం వెలువడింది. ఫాదిరీలకు మంచి చదువు చెప్పించారు.

1817లో డాల్బెర్గ్ చనిపోగా, అక్కడి గురువులు వెస్సెన్‌బెర్గ్‌నే అధికారిగా ఎన్నుకున్నారు. పోపు ఏడవ పయస్ ఒప్పుకోలేదు. జర్మన్ చర్చి తన వ్యవహారాలు తానే చూసుకోవాలన్న ఆయన మాట రోముకు కంటగింపు. ఆయన స్వయంగా రోముకు వెళ్ళి చెప్పుకున్నారు. లాభం లేకపోయింది. అయినా బాడెన్ ప్రభువు అండతో 1827 దాకా పని సాగించారు. ఆ రాజ్యపు శాసనసభలో ఉదారవాదుల పక్షాన నిలిచారు. ఇంత జరిగినా చర్చిని విడిచిపోలేదు. నాకు అదే గొప్పగా తోస్తుంది.

1860లో, ఎనభై ఐదేళ్ళ వయసులో కన్నుమూశారు. తన వేలాది పుస్తకాలు ఊరికి ఇచ్చివేశారు.

పూజలో ప్రజల భాష వాడవచ్చునని రోములో సమావేశమైన బిషప్పులు ఒప్పుకున్నది 1963లో. మన కాథలిక్ చర్చిల్లో పూజ తెలుగులో వినబడింది ఆ తరువాతనే.